మెడ లేని శాక్సోఫోన్

హలో… ఆ, నేనేనండీ, పొద్దున మీ దగ్గర పాత టెనర్ శాక్సోఫోన్ కొన్నదాన్ని.

…కాదు, వచ్చి పట్టుకెళ్ళింది మా బావ. కొన్నది నేను. వాయించేదీ నేనే.

…చేరింది. పెట్టె చేరింది, శాక్సోఫోన్ చేరింది. దాని మెడే చేరలేదు.

…మెడండీ! పైన వంకర తిరిగి ఉంటుందే, ఆ గొట్టం! అది లేకపోతే మౌత్‌పీస్ దేనికి తగిలించుకోను, నా ముక్కుకా?

…చూశాను. …అక్కడా చూశాను. లోపలి మఖమల్ గుడ్డ ఎత్తి మరీ చూశాను. ఎండిపోయిన రీడ్ పుల్లలు రెండు, ఒక చొక్కా బొత్తాం… అంతే.

…మా బావ దారిలో పడేశాడా! ఆయన అసలు మూతే తియ్యలేదు. ఆయన కళ్ళకి అదీ ఒకటే, వంటింట్లో కుళాయీ ఒకటే.

…రేపు కుదరదండీ! ఇవాళ సాయంత్రమే హోటల్లో మా బ్యాండు వాయించాలి. నా పాతదాని మీటలు ఊడిపోతుంటే బాగుచేసేవాడు కూడా చేతులెత్తేశాడు. కిందటి రెండుసార్లూ ఒట్టి చేతులతో వెళ్ళి, దిష్టిబొమ్మలా కూర్చుని వచ్చాను. ఇవాళ కూడా అంతే అయితే నా కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతానని మా మాస్టారు మొహం మీదే చెప్పేశారు.

…వేరే మెడా? నా పాతదానిది పెట్టి చూశాను. వదులు. గాలంతా పక్కనుంచే పోతోంది. మీదేమో ఏ కాలం నాటిదో, దానికి దాని మెడే కావాలి.

…హలో? …హలో, ఉన్నారా?

…ఏంటా చప్పుడు?

…కుర్చీ చప్పుడు కాదు, ఏదో ఊదారు మీరు. మళ్ళీ ఊదండి.

…పెద్దాయనా! అది మెడ! ఉత్త మెడకి మౌత్‌పీస్ తగిలించి ఊదితే వచ్చే స్వరం నాకు తెలీదనుకున్నారా? పెళ్ళికి ముందు నుంచీ రోజూ పొద్దున్నే నేను చేసే పనే అది!

…అంటే మీ దగ్గరే ఉందన్నమాట! ఉండగానే నాచేత పెట్టంతా వెతికించారు!

…మర్చిపోయారా? …మర్చిపోలేదా? కావాలనే తీసి పెట్టుకున్నారా?

…ఇదేం చోద్యమండీ! బండి అమ్మి స్టీరింగు దాచుకుంటారా ఎవరైనా? నాకిక్కడ ఒళ్ళు మండిపోతోంది!

…సరే. చెప్పండి. వింటున్నాను.

…ఊఁ. ముందు మీ క్లారినెట్ అమ్మారు. …ఊఁ. …వాయిస్తాననే కొన్నాడు. …తర్వాత ఎక్కడ చూశారు?

…బట్టల షాపులోనా? గోడకి మేకు కొట్టి… అందులో ప్లాస్టిక్ పూలు గుచ్చి…

…అయ్యో.

…ఆ, అర్థమైంది. ఇవాళ మా బావ మూతైనా తియ్యకుండా చంకన పెట్టుకుని వెళ్ళిపోయేసరికి, ఇదీ గోడకే అనుకున్నారు.

…కాదు, ఆయన రాకముందే మెడ తీశారా? …ఓహో. గోడకి తగిలించుకునేవాడైతే మెడ లేదని ఎప్పటికీ చూసుకోడు. వాయించేవాడైతే ఫోన్ చేస్తాడు.

…పొద్దుట్నుంచీ ఫోన్ పక్కనే కూర్చున్నారా?

…మరి నేను చేశాక కూడా ఎందుకండీ ఈ నాటకం? …స్వరం గుర్తుపడతానో లేదోనా! బాగుంది! ఇంటర్వ్యూ కూడా చేసేశారు!

…నవ్వకండి. నాకింకా కోపం పోలేదు.

…ఎందుకు, మీరు వాయించచ్చుగా? అమ్మడమెందుకు?

…ఓ. …కట్టుడు పళ్ళతో పట్టు నిలవదు, నిజమే. …ఆ ఒక్క స్వరమే పలుకుతోందా?

…బాగానే పలికింది. అబద్ధం కాదు.

…ఇదిగో, మా బావని బండితో పంపిస్తున్నాను. …మెడ ఇచ్చి పంపడం కాదు. మీరే పట్టుకుని రండి. మీ చేత్తోనే బిగించి, ముందు వరసలో కూర్చుని వినండి. దాన్ని గోడకి తగిలించానో, మెళ్ళో తగిలించుకున్నానో మీరే చూద్దురుగాని.

…చొక్కా ఏదైతే ఏంటి! …ఉన్న ఒక్క మంచి చొక్కాకీ బొత్తాం లేదా?

…ఆగండి. నల్లదా? నాలుగు కన్నాలా?

…నా దగ్గరే ఉంది. మీ పెట్టెలో దొరికిందని ఇందాకే మొత్తుకున్నాను కదా! రండి, కుట్టిపెడతాను. …చాల్లెండి, ఏడిపించకండి నన్ను. బావ బయల్దేరుతున్నాడు. మెడ మర్చిపోయానని మాత్రం వచ్చారో… పెట్టేస్తున్నాను!