జ్వరం తట్టను కదిలించినవాళ్లం

1917వ సంవత్సరం జూలై రెండవ తేదీన, వానకు తడిసిన ఉత్తరీయాన్ని పిండుకుంటూ, శ్రీయుత ముత్యాలప్పగారు చిక్కబళ్లాపురంలో రేష్మె శాఖలో, అంటే పట్టుపరిశ్రమ శాఖలో, సహాయకులుగా ఉద్యోగంలో ప్రవేశించారు. ఇరవైతొమ్మిది సంవత్సరాల నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున మన చింతామణి గుడ్ల కేంద్రం నుండి పదవీ విరమణ చేయుచున్నారు. నిష్కళంకమన్న మాటను నేను మర్యాదకు వాడలేదు. వారి సర్వీసు రిజిస్టరులో ఒక మచ్చ ఉన్నది, దానిని అంటించినవాళ్లం మనం. దానిని గురించి రాయకుండా ఈ సన్మాన సంచికలో పూలు మాత్రమే చల్లడం నాకు చేతకాదు.

తొలి ఎనిమిదేళ్లు చిక్కబళ్లాపురంలో గడిపిన పిమ్మట వారిని బాగేపల్లికి బదిలీ చేశారు. అక్కడ గుడిబండె మొదలు మిట్టేమరి వరకు ఊరూరూ తిరిగి, పట్టుపురుగుల తట్టలను శుభ్రంగా ఉంచే పద్ధతిని ఇల్లిల్లూ కూర్చుని నేర్పారు. ఏ ఇంటి బిడ్డకు దగ్గు, ఏ ఇంటి కోడలికి నెలలు నిండాయి, అన్నీ వారికి తెలుసు. పని ముగియగానే మాత్రం, రైతులు బండి కట్టిస్తామన్నా వద్దని, మూడు మైళ్లయినా ఒంటరిగా నడిచి వచ్చేవారు. ఇటువంటి మనిషిని నలుగురిలో కలవనివాడని అన్న నోళ్లను ఏమనాలి?

1931లో వారు చింతామణికి పరీక్షకులుగా వచ్చారు. గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకచిలుకను నూరి, ఆ రసపు చుక్కను గాజుపలకపై ఉంచి, సూక్ష్మదర్శినిలో, తల్లి నుండి గుడ్లకు సోకే గంటు రోగపు బీజాలున్నవేమో చూడడం పరీక్షకుని విధి. బీజం కనబడితే ఆ గుడ్లను కాల్చివేయాలి. కనబడక జారిపోతే ఆ గుడ్లు కొన్న రైతు ఇంట పంట యావత్తూ చచ్చిపోతుంది. పొద్దున నుండి వందల పలకలు చూసిన కంటికి, ఆ కంటి వెనకనున్న మనసుకు, మధ్యాహ్నపు గంట విరామమే ఊపిరి.

ఆ గంటను మేము వసారాలో ఆకువక్కలతో, ఊరి కబుర్లతో గడిపేవాళ్లం. ముఖ్యంగా నేను. నోరు కదలకపోతే నాకు అన్నం అరగదు. నలుగురితో నవ్వి లేస్తే నాలో కొత్త సత్తువ పుట్టుకొచ్చేది. ముత్యాలప్పగారు మాత్రం ఆవరణలో ఎద్దులతో నీళ్లు తోడే కపిలె బావి గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, ఒక్కరే కూర్చునేవారు. తలబిరుసు అన్నాం. మన గాలి సోకితే మైల కాబోలు అని నవ్వాం.

1938లో మాపై ఉన్న అధికారి ఐకమత్యం పేరిట ఒక ఆజ్ఞ జారీ చేశారు: విరామవేళ సిబ్బంది యావన్మందీ వసారాలోనే కూర్చోవాలి. ముత్యాలప్పగారు వచ్చి మా నడుమ కూర్చున్నారు. పలకరిస్తే నవ్వారు. ఎనిమిది రోజులు నేను నా హాస్యాలన్నీ వారి చెవిలో పోసి, అదొక పుణ్యకార్యమనే భ్రమలో ఉన్నాను. ఆ ఎనిమిదవనాటి సాయంకాలం ఇంటికి పోతూ వారు మెల్లగా అన్నారు: "వెంకటేశప్పా, నలుగురిలో కూసుంటే నీకు బలమొస్తాది, నాకు పోతాది. నువ్వు చెడ్డోడివి కాదు, నేనూ గర్విష్టిని కాదు." ఆ మాటకూ నేను నవ్వాను.

తొమ్మిదవ రోజు మూడు గంటలవేళ వారు పీట మీద నుండి లేచి నేరుగా అధికారి ఎదుట నిలబడ్డారు. "నా కండ్లను నేనే నమ్మలేకుండా ఉండాను సార్. మధ్యాహ్నం మీద చూసినవంతా మళ్లీ చూడల్ల. అంతవరకు గుడ్లు పంపొద్దండి" అన్నారు. అరగంట సెలవడిగి బావి గోడ దగ్గర కూర్చుని వచ్చి, అవే పలకలను తిరిగి చూశారు. తాము బాగున్నవని వదిలిన వాటిలో రెండింట రోగం పట్టుకున్నారు. ఆ గుడ్లు మరునాడు మిట్టేమరి హనుమక్కకు పోవలసినవి. భర్త పోయిన ఆ ఇల్లాలికి ఆ పంటే ఆధారం.

తన తప్పును తానే బయటపెట్టి ఒక సంసారాన్ని నిలబెట్టినవారికి దక్కిన బహుమానమేమిటి? "ఒంటరి స్వభావం, సిబ్బందితో కలవడు, ప్రధాన పరీక్షక పదవికి తగడు" అని రిజిస్టరులో ఎర్ర సిరా రాత. ఆ పదవి వారికన్నా ఆరేళ్లు చిన్నవాడికి, కలుపుగోలు మనిషని పేరుపడ్డవాడికి ఇచ్చారు. ఆ మనిషిని నేనే. సిగ్గులేక పుచ్చుకున్నాను.

ఆజ్ఞ మాత్రం చప్పుడు లేకుండా ఎత్తివేశారు. పది రోజులకు గుడ్ల కోసం హనుమక్క వచ్చింది. ముత్యాలప్పగారెక్కడని అడిగితే, బావి గోడ దగ్గర కళ్లు మూసుకుని ఉన్నవారిని చూపించి, పిలవబోయాను. ఆమె నా చెయ్యి ఆపింది. "పిలవొద్దప్పా. పురుగు జ్వరానికి కూసుంటే తట్టను కదిలిస్తామా? లేచినాక చూడు, ఆకు యాడ చాలుతాది."

పురుగు పొర విడిచే ముందు ఒక దినం మేత మాని, తలెత్తి కదలక ఉంటుంది. దాన్నే మన రైతులు జ్వరమంటారు; లేచాక మునుపటికన్నా ఎక్కువ మేస్తుంది. అప్పుడు ఆకు వేయకండి, తట్ట ముట్టకండి అని ఊరూరా చాటినది మన శాఖే. పురుగుకు ఇచ్చిన ఆ పాటి మర్యాద మన పక్కన కూర్చున్న మనిషికి ఇవ్వలేకపోయాం. చదువురాని ఇల్లాలికి ఒక్క చూపులో తెలిసినది, ఇన్ని పరీక్షలు ప్యాసయిన మాకు తెలియలేదు. తలచుకుంటే నేటికీ ఒళ్లు మండుతుంది.

రిజిస్టరులోని ఆ ఎర్ర సిరా వాక్యాన్ని కొట్టివేయవలసినదిగా నేను పైవారికి మూడుమార్లు రాశాను. జవాబు లేదు. కనుక వారి ధర్మపత్ని శ్రీమతి యశోదమ్మగారూ, బిడ్డలూ చదివే ఈ పుటలో, ఆ పదవిలో ఎనిమిదేళ్లు కూర్చున్నవాడిగా నేనే రాసి సంతకం చేస్తున్నాను: ఆ రాత అబద్ధం, ఆ పీట ముత్యాలప్పగారిది.

శ్రీవారికి ఆ భగవంతుడు చెదరని చూపును, నిండు ఆరోగ్యాన్ని, నూరేళ్ల ఆయువును, ప్రతి మధ్యాహ్నం ఎవరూ తట్టి లేపని ఒక గంటను ప్రసాదించుగాక. సన్మానం నాడు దండలు పడి, ఉపన్యాసాలు ముగిసి, ఫలాహారాలకు అందరం వసారాలో చేరినప్పుడు, వారు లేచి బావి గోడవైపు నడిస్తే ఎవరూ పిలవకండి. నేనూ పిలవను. అది నాకెంత కష్టమో వారికి తెలుసు.

వెంకటేశప్ప
ప్రధాన పరీక్షకుడు
చింతామణి, జూన్ 1946