అటక నుండి తీర్థం

మార్గళి నెల చలి వేకువన అటక పలకల సందుల్లోంచి పెరుమాళ్ళ పటం మీద మళ్ళీ నీటి చుక్కలు రాలాయి. ఇంటాయన భక్తిగా దోసిలి పట్టాడు. ఆ మహిమ చూడమని అప్పటికే వీధినంతా పిలిచి వచ్చాడు. పొంగలి కలుపుతున్న భార్య తల తిప్పింది.

“తాగొద్దండి మామా, అది నా పొంగలి ఆవిరి.”

“ఆవిరి పైనుంచి కారతాదా ఏమే?”

“దీపం ఆరతాదని అటక కిటికీకి గోనె కుక్కింది మీరే కదా? పోను దోవ లేక చల్లని పైకప్పు రేకుకు తగిలి కారతా ఉండాది.”

“అయ్యో, దినమూ కండ్లకద్దుకొని తాగితినే! ఇంత మొక్కినానే, పెరుమాళ్ళు నాకేమీ పంపించలేదా?”

“గాలి పంపించినాడు. మీరు గోనె కుక్కితిరి.”

వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడు.

“వీధోళ్ళు వచ్చేసినారు. మీరేమి చెప్తారు?”

“ఉన్నది చెప్పేస్తా, నవ్వుకోనీ. నేను ఆవిరికే మొక్కితిని, వాళ్ళకు పొంగలే పెట్టు.”