కోట దాటిన కడగొట్టువాడు

రెండు వేల పద్దెనిమిది, డిసెంబరు నాలుగు, మంగళవారం. తెల్లారినప్పటి నుంచీ లోయ నోట్లోంచి ఒకటే గాలి. సిర్ దర్యా నది నీళ్ళు వెనక్కి నడుస్తున్నాయేమో అనిపించింది. మధ్యాహ్నానికి వానా మంచూ కలిసి పడ్డం మొదలెట్టాయి. అలాంటి రోజు చూసి చూసి, బుద్ధున్నవాడెవడైనా గుండెపోటు తెచ్చుకుంటాడా, ఇస్మత్?

అంబులెన్సు మన సందులోకి తిరగదాయె. నిన్ను దుప్పట్లో వేసుకుని మోశాం. మోస్తుంటే నా చొక్కా పట్టుకుని ఏమన్నావు? నొప్పి అన్నావా? దేవుడా అన్నావా? "నేనొచ్చేదాకా నా ఊరు చూసుకోరా, మాస్టారూ" అన్నావు. మోసేవాళ్ళు నీకు మతి చలించిందనుకున్నారు. కంప్యూటర్లో ఉన్న ఊరని వాళ్ళకేం తెలుసు!

నొక్కకు. మౌస్ మీద నుంచి చెయ్యి తియ్యి. తియ్యి అంటుంటే!

ఇవాళ ఆస్పత్రి నుంచి తిన్నగా మా ఇంటికొచ్చేశావు, కోటు కూడా విప్పలేదు. ముందు టీ తాగు. ఆట ఎక్కడికీ పారిపోదు. అయ్యో... నిండా పోసేశాను చూశావా! నిండు పియాలా పోస్తే ఇక లేవమని అర్థం, నిన్నలా వెళ్ళిపొమ్మంటానా, జూరా, నేస్తం? చూసుకోలేదు, అంతే. సగం పారబోస్తానుండు. ఆఁ, ఇప్పుడు మర్యాదగా ఉంది.

మస్తూరా? పక్కింటికి వెళ్ళింది. నువ్వొస్తున్నావని తెలిసే వెళ్ళింది. ఏం, మా ఆవిడ లేకపోతే నేను నీకు టీ ఇవ్వలేనా? రొట్టె కూడా ఉంది. ఇవాళ కాల్చిందే.

ఏమిటలా తెర వంక చూస్తావు? చెబుతాను కదా. అంతా వరసన చెబుతాను. ముప్ఫై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, మధ్యలోంచి చెప్పడం నాకు రాదు.

అసలు మనకీ పీడ ఎందుకు తగిలింది? ప్రపంచంలో బుద్ధిమంతులందరూ ఆ ఆటలో గ్రీకుల్ని తీసుకుంటారు. లేదా దక్షిణాదిన ఏనుగులున్న రాజుల్ని తీసుకుంటారు. మనమో? సొగ్ద్, ఈ నేలకున్న పాత రాజ్యం. ఎందుకయ్యా అంటే, పటంలో నది వంపు దగ్గర మన ఖుజంద్ కనపడింది. చిన్న చుక్క, దాని చుట్టూ మట్టి గోడ. అది చూసి నువ్వు "ఇదే మనది" అన్నావు. అయిపోయింది.

కింద బల్ఖ్‌లో బల్లేల గ్రీకులు. నది అవతల గుర్రాల మీద శకులు. పడమట పెద్ద సామ్రాజ్యం. మధ్యన మనం, అడకత్తెరలో పోకచెక్క. సైన్యం చూస్తే పెళ్ళి ఊరేగింపుకి కూడా చాలదు. ఆ ఆట చేసినవాళ్ళే సొగ్ద్ పక్కన ఎర్ర పుర్రె బొమ్మ వేసి "చాలా కష్టం" అని రాశారు. నీకు చదివి వినిపించాను కూడా. "మనకి కష్టం కొత్తా?" అన్నావు.

అయినా దాని కిటుకు నేను పట్టాను. పట్టానా లేదా? మొదట్లో సైన్యం పెంచకూడదు, సంత పెంచాలి. కూతుర్ని శకుల నాయకుడికిచ్చి పెళ్ళి చెయ్యాలి, అప్పుడు నది వైపు నుంచి సగం భయం పోతుంది. బల్లేల వాళ్ళకి ఎదురెళ్ళకూడదు. విల్లు పట్టిన గుర్రాలతో కొట్టాలి, పారిపోవాలి, మళ్ళీ కొట్టాలి. వాళ్ళు ఇనుము మోసుకుంటూ ఎండలో మన వెంట పడాలి. శరత్కాలం రాగానే మన గడ్డి మనమే తగలబెట్టుకోవాలి. శత్రువు గుర్రం మన పచ్చిక మేయకూడదు.

నీకిదేమీ ఎక్కేది కాదు. పట్టు మిల్లులో మగ్గాలు బాగుచేసిన చెయ్యి కదా, ఎక్కడ దారం తెగితే అక్కడికి పరిగెత్తేవాడివి. "జూరా, అది యుద్ధంరా, మగ్గం కాదు" అంటే, "నువ్వు ఎప్పుడైనా మగ్గం నడిపావా? యుద్ధం నడిపావా?" అనేవాడివి.

నవ్వకు, నీ గుండెకి మంచిది కాదు. సరే నవ్వు, కొంచెం నవ్వు.

అన్నీ సరిగ్గా చేసినా మనం ప్రతిసారీ ఎందుకు ఓడిపోయేవాళ్ళం? నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎప్పుడూ పైకి అనుకోలేదంతే.

ఆ ఆటలో సైన్యానికి ముందు రాజు రక్తం నడవాలి. లేకపోతే మొదటి బాణానికే అందరూ చెల్లాచెదురు. రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మరకంద నగరాన్ని కాస్తాడు. నడిపివాడు నది రేవుని కాస్తాడు. మూడోవాడు? కోటలో మల్బరీ చెట్టు కింద కూర్చుని తుతీపళ్ళు తింటాడు.

మరి కెంజా కదా! కడగొట్టువాడు ఇల్లు విడవకూడదు కదా! పెద్దవాళ్ళు వేరే పొయ్యి పెట్టుకుంటారు, కడగొట్టువాడు తండ్రి పొయ్యి దగ్గరే ఉంటాడు, ఇల్లు వాడిదే అవుతుంది. ఈ ఆట చేసినవాళ్ళు ఎక్కడివాళ్ళో ఏమో, వాళ్ళ లెక్కలో అన్నీ పెద్దవాడికే. నువ్వు మొదటి రోజే అది మార్చేశావు. కోట తాళాలు చిన్నవాడికి ఇచ్చావు. నేనూ ఊరుకున్నాను. ఖుజంద్‌లో పుట్టినవాడెవడు కాదంటాడు?

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పిల్లాడి పేరు కింద ఆట ఏం రాసేదో గుర్తుందా? "సుఖజీవి." తరవాత "యుద్ధం చూడనివాడు." ఆ తరవాత "పిరికివాడని సైనికుల అనుమానం." ఆ మాట వచ్చిన రోజు నువ్వు తెరని తిట్టావు. "పిరికి కాదురా, ఇంట్లో దీపం ఒకటి వెలగొద్దూ?" అన్నావు.

ఇంకోటి కూడా ఉంది. ఆ పిల్లాడికి ఆట పెట్టిన పేరేదో ఉంటే, అది చెరిపేశావు. ఒక్క వేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కమోల్ అని కొట్టావు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మీ చిన్నాడు కమోల్ నా దగ్గర చదువుకున్నవాడే కదా. చరిత్ర అస్సలు వచ్చేది కాదు. "మాస్టారూ, చచ్చిపోయినవాళ్ళ పేర్లు ఎందుకండీ?" అని అడిగేవాడు. లారీ అంటే మాత్రం ప్రాణం.

ఆ ఫిబ్రవరిలో మీ పెద్దాడికి జ్వరం వచ్చింది. ఎండు జల్దారు పళ్ళ లారీ దుషాంబేకి పోవాలి. నువ్వే కమోల్‌ని పంపావు. అప్పటికి సొరంగం లేదు, షహ్రిస్తోన్ కనుమ మీది నుంచే దారి. మీ ఆవిడ వాడి చేత రొట్టె ఒక మూల కొరికించి, తిరిగొచ్చాక మిగతాది తిందువుగాని అని మేకుకి తగిలించింది. అంతే. కనుమ మంచులోంచి వాడు తిరిగి రాలేదు. మీ ఆవిడా పోయింది. రొట్టె ఇంకా ఆ మేకుకే ఉంది, రాయిలాగా. మీ ఇంటికొచ్చినప్పుడల్లా నేను అటు చూడకుండా కూర్చుంటాను. నీకు తెలుసా ఆ సంగతి?

తెలుసా? ఎప్పుడూ అనలేదే.

సరే. వింటున్నావుగా? మందు వేసుకున్నావా?

నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు. నేను ఇక్కడ ఒక్కణ్ణే కూర్చున్నాను. ఆట తెరవకూడదనే అనుకున్నాను, ఒట్టు. చూసుకోమన్నావు కదా, ఒకసారి చూసి మూసేద్దామని తెరిచాను. చూస్తే గ్రీకులు మరకందని చుట్టుముట్టారు. పెద్దవాడు లోపల. నడిపివాణ్ణి కదిపితే నది దాటి శకులొస్తారు. ఖుజంద్‌లో సైన్యం ఉంది, నడిపేవాడు లేడు.

లేడా? ఉన్నాడు. తుతీపళ్ళు తింటున్నాడు.

మస్తూరా నా వెనకే నిలబడి ఉల్లిపాయలు ఒలుస్తోంది. "ఎవర్ని పంపుతున్నావు?" అంది. "ఎవర్నీ కాదు, బొమ్మని" అన్నాను. "బొమ్మకి పేరుంది కదా" అంది. నేను కమోల్ బొమ్మని కోట దాటించాను.

ఇస్మత్, గెలిచాం! తెలుసా? మొట్టమొదటిసారి! చూస్తావుగా, పటమంతా మన నీలం రంగే. గ్రీకులు బల్ఖ్ వదిలి పరిగెత్తారు. పుర్రె బొమ్మ వేసిన సొగ్ద్‌తో గెలిచాం, జూరా! ఎవడు గెలుస్తాడు చెప్పు? ఇద్దరు ముసలాళ్ళం, ఒకడి కళ్ళు కనపడవు, ఒకడి గుండె కొట్టుకోదు...

ఏమిటి? గెలుపు కాదా నువ్వు అడిగేది?

కమోల్... మరకంద దారిలో ఏటి రేవు దగ్గర పడిపోయాడు. సింహంలా పోరాడాడు. ముందు వరసలో ఉన్నాడు. గ్రీకుల సేనాపతిని తనే కొట్టాడు. పిరికివాడన్న మాట పోయింది, దాని బదులు "ధీరుడు" అని వచ్చింది. నేను నా కళ్ళతో చూశాను.

అలా చూడకు.

నువ్వలా చూస్తే నేను చెప్పలేను. టీ చల్లారిపోయింది, ఇంకోటి పోస్తానుండు.

సరే. సరేరా. రేవు దగ్గర పడలేదు. రేవు దగ్గర గెలిచాడు. ఆ ధీరుడు అన్న మాట నిజం, అది అబద్ధం కాదు. అక్కడి నుంచి వాణ్ణి ఇంటికి పిలిపిస్తే సరిపోయేది. వాడు అప్పటికే చెయ్యాల్సిందంతా చేశాడు. తాళాలు వాడి చేతిలో పెట్టి కూర్చోబెడితే నీకు చెప్పేవాణ్ణి కూడా కాదు. నువ్వొచ్చి చూసుకుని, ధీరుడు అన్న మాట చదువుకుని, మురిసిపోయేవాడివి.

కానీ మరకంద ఇంకా ముట్టడిలోనే ఉంది. మైదానం దారిలో గ్రీకులు గుడారాలు వేశారు. కొండదారి ఒకటి ఉంది. ఆ దారిన పోతే వాళ్ళ వీపు మీదికి దిగొచ్చు. ఎంత తెలివైన ఎత్తు! పాఠం చెప్పేటప్పుడు ఇలాంటి ఎత్తులు ఎన్ని బొమ్మలు గీసి చూపించానో! ఆ కనుమకి పటంలో పేరు లేదు. కానీ నీకూ నాకూ పేరు కావాలా?

చలికాలం. ఆట అడిగింది కూడా. దాని తప్పేం లేదు. "మంచులో మనుషులు రాలిపోతారు, సాగాలా?" అని అడిగింది. ఒక్క వంతు ఆగితే వసంతం వచ్చేది. మరకంద అప్పటిదాకా నిలబడేది కూడా. ధాన్యం ఉంది, చూశాను.

సాగమని నొక్కాను.

నీ కోసమని నాకు నేనే చెప్పుకున్నాను. ఇస్మత్ మంచం మీద ఉన్నాడు, లేచొస్తే గెలుపు చూపిద్దాం, సంతోషిస్తాడు అనుకున్నాను. ఒట్టి మాట. నీ మొహం ఆ క్షణాన నాకు గుర్తుకే రాలేదు. కమోల్ మొహమూ రాలేదు. ఇన్నాళ్ళూ నువ్వు ఆపిన ఎత్తు ఒకటి నా దగ్గర ఉంది, నువ్వు లేనప్పుడు వేసేశాను. అంతే. నువ్వు లేవని నాకు... ఛీ. సంబరమేసిందిరా.

సైన్యం దాటింది. గ్రీకుల వీపు మీద పడింది. లోపలి నుంచి పెద్దవాడు తలుపులు తీసుకుని వచ్చాడు. గెలిచారు. కమోల్ దాటలేదు. యుద్ధం ఊసే లేదు. పేరు పక్కన చిన్న వాక్యం ఒకటి, "కనుమలో చలికి మరణించాడు" అని.

ఆ వాక్యం చదివి కంప్యూటర్ తీగ లాగేశాను. పిచ్చివాడిలా. ఏం లాభం? వెనక్కి తీసుకోకూడదు, ఒకే సేవ్ ఉండాలి, ప్రతి వంతుకీ దాని మీదే రాయాలి అని నియమం పెట్టింది ఎవరు? నేనే. "జీవితంలో వెనక్కి ఉందా, ఇస్మత్?" అని నీకు ఉపన్యాసం ఇచ్చాను. నీకు ఇచ్చాను! మళ్ళీ పెట్టి చూశాను. చలికాలం అయిపోయింది. వసంతం. జల్దారు చెట్లు పూసినట్టు బొమ్మ కూడా వేశాడు ఆ ఆట చేసినవాడు, వాడి తలపండు పగల!

ఇంక ఆపలేకపోయాను, చివరిదాకా ఆడేశాను. ఎందుకాడావని అడగకు. మస్తూరాతో చెప్పాను. "పంపింది నువ్వు, చెప్పాల్సింది నువ్వు, నేను ఆ మొహం చూడలేను" అని ఇవాళ పక్కింటికి పోయింది.

మౌస్ అటు నెట్టేశావేం? ఇప్పుడు చూడమంటే చూడవా? సరే, చూడకు. నేనే చెబుతాను. చెప్పి ఊరుకుంటాను.

తరవాతి చలికాలానికి నీ రాజు పోయాడు. మంచం మీదే, నిద్రలో. ముసలితనం అని రాశారు. మరకంద, సంతా, ఖజానా పెద్దవాడికి వచ్చాయి. నది ఒడ్డు కోటలూ గుర్రాలూ నడిపివాడికి. అవతలి ఒడ్డు పచ్చిక శకుల అల్లుడు తీసుకున్నాడు. ఖుజంద్ కోటలో ఇల్లు, నువ్వు కమోల్‌కి తాళాలిచ్చిన ఇల్లు, ఎవరికీ రాలేదు. ఆ చోటు ఖాళీగా వదిలేశారు. గెలుపు నాకొచ్చింది.

కమోల్‌కి ఏమీ లేదు. వెళ్ళేముందు ఒక మూల కొరకడానికి రొట్టె కూడా ఇవ్వలేదు నేను.