కిందికి నొక్కిన వార్త

ఆస్పత్రి మెట్ల దగ్గర నర్సు తన తమ్ముణ్ణి నిలదీసింది. అతను ఊరి చివర రంగుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు.

"మీ ఫ్యాక్టరీ మురుగు కలిసింది, కుళాయి నీళ్ళు తాగొద్దని నేను జనం ఓట్లతో వార్తలు పైకీ కిందికీ జరిగే సైట్లో పెడితే, దాన్ని కిందికి నొక్కించింది నువ్వేగా?"

"నేనొక్కణ్ణే కాదక్కా. షిఫ్టులో అందరం తలా ఒకటి కిందికి ఓటు వేశాం. పైనుంచి చెప్పారు."

"తర్వాత అంతమంది పైకి ఓటేశారు. అయినా ఎవరి కంటా పడలేదేం?"

"అదంతే. పెట్టిన కాసేపట్లో పడే ఓట్లకే బలం. పాతబడ్డాక ఎన్ని పడ్డా వార్త పైకి లేవదు."

"అంతా తెలిసే చేశావన్నమాట."

"ఉద్యోగం పోతే నా పిల్లలకి నువ్వు పెడతావా తిండి?"

"వార్డులో మంచాలు చాలక, ఆ నీళ్ళు తాగి జబ్బుపడ్డ పిల్లల్ని నేలమీద పడుకోబెట్టాం. వాళ్ళ తల్లుల మొహం నువ్వు చూస్తావా?"

"సరే, అరవకు. ఇప్పుడు మావాళ్ళ చేత పైకి ఓట్లు వేయిస్తా."

"అక్కర్లేదు. మళ్ళీ కొత్తగా రాశా. ఈసారి మీ ఫ్యాక్టరీ పేరు పక్కన నీ పేరు కూడా పెట్టా."

అతను జేబులోంచి ఫోన్ తీశాడు. "ఎప్పుడు పెట్టావు?"

"నువ్వు మెట్లెక్కుతున్నప్పుడు. లోపల ఆ పిల్లల అమ్మానాన్నలంతా ఫోన్లు పట్టుకుని పైకి ఓట్లేస్తూ కూర్చున్నారు. వెళ్ళు, మీవాళ్ళని పిలుచుకో."