ఎర్ర నూలు ఆరిన రోజు

కొత్తవాడలో మే నెల ఎండ పొద్దున్నే చురుక్కుమంటోంది. జంపఖానాలు నేసే ఆ ఇంటి డాబా మీద కోడలు ఫోను చూస్తూ నిలబడింది. అత్త ఖాళీ దండేలు బిగించి కడుతోంది.

“మధ్యాన్నం దాటినంక వాన పడతదట అత్తమ్మా. ఇయ్యాల గూడ రంగు ఎయ్యద్దు.”

“నీ ఫోను మొన్న గట్లనే అన్నది, నిన్న గట్లనే అన్నది. ఒక్క చుక్క రాలిందా బిడ్డా?”

“ఒకవేళ పడితే నూలంతా ఖరాబైతది.”

“పడితే ఇద్దరం ఎత్తుకపోతం. జర నిజం చెప్పు, నీకు వానంటే భయమా, రంగు కలుపుడంటేనా?”

కోడలు ఫోను పక్కన పెట్టింది.

“మామయ్య బతికున్నన్ని దినాలు నన్ను రంగు గోలెం దగ్గరికి రానియ్యలే. నా చేతిల ఎరుపు చెడిపోతే ఎట్ల?”

“చెడిపోతే ఇంకోసారి ముంచుదాం. నా చేతులు వణుకుతానయ్, ఇగ నువ్వే కలపాలె.”

మధ్యాహ్నానికల్లా కోడలు కలిపిన రంగులో ముంచిన ఎర్ర నూలు దండేల నిండా వేలాడింది. మూడింటికి నిజంగానే మబ్బు కమ్మి చినుకులు పడ్డాయి.  ఇద్దరూ గబగబా నూలంతా లోపలికి చేర్చారు. అత్త ఒక తడిసిన పోగును తెల్లగుడ్డలో పెట్టి గట్టిగా పిండింది.

“గుడ్డకు రంగు అంటిందా అత్తమ్మా?”

“నువ్వే చూసుకో.”

కోడలు ఆ గుడ్డను కిటికీ దగ్గరికి తీసుకుపోయి రెండువైపులా తిప్పి చూసింది. ఎక్కడా ఎరుపు మరక లేదు.

“రేపు నీలం కలుపు బిడ్డా,” అంది అత్త. “నేను కూసొని చాయ్ తాగుత.”