అనసూర్య వదిన గురువారాలు

ఆపు బిడ్డా, గా ఫోన్ ఆపు. పొద్దటి సంది ఇనుడే అయితుంది, ‘ఊపిరి పీల్చుండ్రి, పది లెక్కవెట్టుండ్రి, మనసు అల్కగైతది’ అని. గా ఫోన్ల ఆమెకేం, ఏసీ రూముల కూసొని ఎన్నన్న చెప్తది. నీ కొడుకు వంశీగాడు కంచం ఇసిరికొట్టినంక పది ఎవ్వలు లెక్కవెడ్తరు? మూడు అనే లోపల్నే ఇంకో గ్లాసు పల్గుతది. పొద్దుగాల బాత్రూంల తలుపేసుకొని ఏడ్శినవ్, నాకు ఇనవడదనుకున్నవా శ్వేతా? డెబ్బై ఎనిమిదేండ్లు వచ్చినయ్ గని చెవులు పోలే ఇంకా. ఏంది? వాన్ని కొట్టినవా? కొడ్తే కొట్టినవ్ తియ్యి, మంచిగ చేసినవని నేనంటలేను, గని దానికి సచ్చేటంత ఏడుపెందుకు? మీ అత్తేమో ‘ఓపిక వట్టు, ఓపిక వట్టు’ అంటది. ఓపికేమన్న బియ్యమా, అయిపోతే రేషన్ దుకాణంల తెచ్చుకోనీకి? కూసో. వాడు పండుకున్నడు గద. మా అనసూర్య వదిన ముచ్చట చెప్త, ఇను.

అనసూర్య వదినంటే మా పెద్దన్న పెండ్లాం. నువ్వు ఈ ఇంటికి కోడలుగ రాకముందే పోయింది. అన్న భీవండిల బట్టల మిల్లుల పనిచేస్తుండె, ఏడాదికోపారి వస్తుండె. ఈడ సిద్దిపేటల వదిన, ఆమె బిడ్డ స్వరాజ్యం, ఇద్దరే. మాది అదే గల్లీ, నాలుగిండ్ల అవతల. స్వరాజ్యానికి గప్పుడు పదేండ్లు. మతి ఎదగలే పాపం. ఇప్పుడైతే డాక్టర్లు దానికో పేరు వెడ్తరు, గప్పుడు మంది వెట్టిన పేరు ఒక్కటే, ఎడ్డిది. వదిన ఇన్నదంటే చీపురుకట్ట వట్టుకొని ఎంటవడుతుండె. ఆ పోరి నోట్లె ఉన్నది ఒక్కటే మాట, అవ్వ. ఆకలైతే అవ్వ. ఉరుమురిమితే అవ్వ. కాకి వాలితే అవ్వ. వదిన కొంగు వట్టుకొని పొద్దుందాక అవ్వా, అవ్వా, అవ్వా. నా మగ్గం కాడికి ఇనవడుతుండె. నాలుగిండ్ల అవతల నాకే తలకాయ నొస్తుండె, మరి ఆమెకు?

ఇగ ఏమైందంటే, వదిన గురువారం గురువారం పోరిని పక్కింటి పెంటవ్వ తాన ఇడిశిపెట్టి, మంచి చీర కట్టుకొని బస్సెక్కుడు షురూ జేశింది. పొద్దుగాల పోతే పొద్దుమీకి వస్తది. ఏడికి పోతుందో ఎవ్వలకు చెప్పది. మంది ఊకుంటరా మరి? పాన్ డబ్బా కాడ ఒకడు పండ్లికిలిస్తు, ‘ఏం రాజేశం, మీ వదిన వారం వారం షికారు పోతున్నదట?’ అన్నడు. నాకు నెత్తి మండింది. ఒకనాడు గదే బస్సు ఎక్కిన, ఎన్క సీట్ల, మొకానికి తువ్వాల అడ్డంబెట్టుకొని. పెద్ద సీఐడీని! ప్రజ్ఞాపూర్‌ల దిగింది. బస్సులు ఆగే జాగల హోటల్ ఉంటుండె, దాంట్లకు వోయి మూలకు కూసున్నది. చాయ తాగింది. ఇంకో చాయ తెప్పిచ్చుకున్నది. వచ్చే బస్సు సూస్తది, పొయ్యే బస్సు సూస్తది. ఎవ్వలతోటి మాట లేదు, ముచ్చట లేదు. నేను రోడ్డవతల ఎండల నిలవడి రెండు గంటలు సూశిన, ఇప్పుడొస్తడు ఎవడో, ఇప్పుడొస్తడు అని. ఎవ్వడు రాలే. ఆమె బస్సెక్కి ఇంటికొచ్చింది. ఆమె నన్ను సూడలే.

తప్పేం లేదని నా కండ్లతోటి సూశిన గద, నోరు మూసుకొని ఉండాలెనా వద్దా? లేదు! అన్నకు ఉత్తరం రాశిన. ‘పిల్లను మంది మీదేసి హోటల్ల కూసుంటుంది, వచ్చి నీ పెండ్లానికి బుద్ధి చెప్పుకో’ అని. కింద ఇంకో ముక్క, ‘నా పేరు చెప్పకు’ అని. నలభై దాటినోన్ని, పెండ్లాం పిల్లలున్నోన్ని, గిదేం బుద్ధి? అన్న వచ్చిండు. గల్లీ గల్లీ ఇనేటట్టు లొల్లి జేశిండు. ‘కన్నతల్లివేనా నువ్వు?’ అన్నడు. ఏడాదికి పది రోజులుండేటోడు గా మాటన్నడు! అన్న మళ్ల భీవండి వోయినంక వదిన సక్కగ పెంటవ్వ ఇంటికి వోయింది. ‘ఏడికి పోతున్ననో నీకొక్కదానికే చెప్పిన గదనే. గిట్ల జేస్తవా?’ అన్నది. పెంటవ్వ ఒట్లేశింది, ఏడ్శింది, ‘నేను చెప్పలేదే అనసూర్యా’ అన్నది. ఇంటదా? ఆనాటితోటి పెంటవ్వతోటి మాట బందు, గురువారం బందు.

రెండు నెలలైందో లేదో. మంచి ఎండకాలం, పగటీలి నూలు తేనీకి పోతున్న. వదిన అరుగు మీద ఎండల కూసున్నది, రెండు చెవులు మూసుకొని. తలుపుకు బయట గొళ్లెం. లోపట పోరి తలుపు బాదుతుంది, అవ్వా అవ్వా అని. ఉరికిన. ‘ఏంది వదినా గిది?’ అన్న. నా దిక్కు సూడలే. ‘గొళ్లెం నువ్వు తియ్యి రాజేశం, నేను తియ్య. పొద్దుగాల నా చెయ్యి దాని మెడ దాక వోయింది’ అన్నది. మళ్ల ఆమెనే అన్నది, ‘గా హోటల్ల నన్నెవ్వలు అవ్వా అని పిలువకపోతుండ్రి. గందుకే పోతుంటి. ఇంకేం లేదు.’

గొళ్లెం తీశిన. ‘గురువారం నువ్వు పో వదినా, పోరిని నేను సూస్త, అన్న ఏమన్నంటే నాకు చెప్పు’ అన్న. చెప్పుడైతే చెప్పిన! మొదటి గురువారం నా సంగతి సూడాలె. నూలు చుట్టిన కండెలన్ని గుంజి అంత చిక్కు జేశింది. గంజి కుండ ఒలకబోశింది. నన్ను గూడ అవ్వా అన్నది! ‘అవ్వను కానే, చిన్న బాపును’ అంటే, ‘అవ్వా’. పగటీలికి నేను గోడకు తలకాయ కొట్టుకునుడొక్కటే తక్కువ. మా ఇంటామె నవ్వుకుంట, ‘ఇంకా సగం రోజే అయింది’ అన్నది. పొద్దుమీకి వదిన వచ్చింది. పొద్దుగాల పోయిన మనిషి కాదు బిడ్డా. పోరిని ఒళ్లె కూసోవెట్టుకొని తల దువ్వుకుంట, ‘ఏందిరా అవ్వ? చెప్పరా అవ్వ’ అని ముద్దు జేశింది. గందుకే చెప్తున్న, లోకమన్నట్టు చెడ్డ తల్లి కాదు, చెవులకు ఒక్క గడియ రికాం లేని తల్లి. నువ్వు గూడ ఏడికన్న పో. బజారుకో, మీ దోస్తు ఇంటికో. వాన్ని నేను సూస్త, మీ అత్త లొల్లి నేను ఇంట.

స్వరాజ్యం ఇరవై ఆరేండ్లకు జరమొచ్చి పోయింది. గప్పటిదాక ఒక్క గురువారం తప్పలే. మందంత ‘మరిదంటే గట్లుండాలె’ అన్నరు. వదిన ఇంటికొచ్చినోళ్లకల్ల ‘నా మరిది దేవుడు’ అని చెప్తుండె. దేవుడు! ఇనుకుంట కూసుంటుంటి. గోడకు గోడ ఇండ్లు, వదిన పెంటవ్వ దిక్కు మొకం గూడ తిప్పకపోతుండె. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంటుంటి. చెప్తే పోరిని నా తాన ఇడిశిపెట్టదేమో, మళ్ల పోరి పానం మీదికి వస్తదేమో అని. గది సాకు. పోరి పోయినంక ఏం అడ్డమున్నది మరి? భయం నాకు, గంతే.

వదిన పోయిననాడు పెంటవ్వ వచ్చింది, కట్టె వట్టుకొని. వదినను వాకిట్ల పండవెట్టినం. వంగలేక వంగి, శవం చెవు కాడికి మొకం తెచ్చి, ‘ఇప్పుడన్న ఇనే అనసూర్యా, నేను చెప్పలే’ అన్నది. ముసలిదానికి మతి తప్పిందనుకున్నరు అందరు. నేను తలాపున కూసున్న, అగర్‌బత్తులు ముట్టిస్తున్న. నన్ను సూశి, ‘నువ్వన్న చెప్పు రాజేశం, ఆమె నీ మాట ఇంటది’ అన్నది.

ఏంది? చెప్పిన్నా అంటవా?

...నల్లనీళ్లు వచ్చినట్టున్నయ్. పో, బిందె వెట్టు.