వెనక సీటు

బైకు మీద దేశమంతా చుట్టి వస్తానని ఊరందరికీ చాటి మరీ బయల్దేరిన పెద్దమనిషి వారం తిరక్కుండానే ఆసుపత్రి మంచం ఎక్కాడు. కట్టు కట్టిన కాలు దిండెక్కింది, పరువు వీధిన పడింది. భార్య స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

“లారీ గుద్దిందా?”

“లారీ గుద్దేంత గొప్ప రాతా నాది? ఆగి ఉన్న ట్రాక్టర్ని నేనే వెళ్లి గుద్దాను.”

“ఆగి ఉన్నదాన్నా! కళ్లెక్కడ పెట్టుకున్నారు?”

“వెనక.”

“వెనకేముంది?”

“కొండ మీదకి మబ్బు దిగింది. ఎంత బావుందో! ‘చూశావటే’ అని వెనక్కి తిరిగాను.”

“ఎవర్ని అడగడానికి?”

“నిన్నే.”

“నన్నా! నడుంనొప్పి దానివి, అడుగడుక్కీ ఆపమంటావని నన్ను ఇంట్లోనే వదిలేసి పోయారుగా?”

“ఖాళీ సీటు చూశాకే ఆ సంగతి గుర్తొచ్చింది. ఈలోపు ట్రాక్టరు వచ్చేసింది.”

“ఆగి ఉన్న ట్రాక్టరు వచ్చేసిందా?”

“సరేలే, నేనే వచ్చాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.”

ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆయనకి అంతుపట్టలేదు.

“రేపట్నుంచి నేను బండి నేర్చుకుంటా.”

“ఇప్పుడు నీకెందుకే?”

“ఈసారి ముందు నేను కూర్చుంటా. మీరు వెనక కూర్చుని కావలసినన్ని మబ్బులు చూసుకోండి.”